ఇంటూ గుర్తు

కళ్ళద్దాలు అమ్ముకునేవాణ్ణి నేను.
మిన్యు నదికి పోర్చుగల్ ఒడ్డున,
అవతల స్పెయిన్ కొండలు కనబడే ఊళ్ళో
ముప్పై రెండేళ్ళుగా ఒకటే దుకాణం.
మొహాలు మరిచిపోతాను గానీ
నంబర్లు మరవను.

ఫైర్ స్టేషన్ పైగదిలో
బుధవారం సాయంత్రాలు కుట్టుకునేవాళ్ళు చేరతారు.
కింద ఎర్రబండి కడుగుతున్న నీళ్ళ చప్పుడు,
పైన ఎవరూ పట్టించుకోని రేడియో.

దెయొలిండాకి కొత్త అద్దాలు ఇచ్చి వద్దామని వెళ్ళాను.
ఎనభై నాలుగేళ్ళు, రెండు కళ్ళకీ శుక్లాలు తీసేశారు.
పెట్టుకుని మొదట నా మొహం చూసింది.
"అయ్యో, నువ్వూ ముసలాడివైపోయావే!"
తరవాత ఒళ్ళో గుడ్డ చూసుకుంది.
ఇక నా వంక చూడలేదు.

"ఊరికే నిలబడ్డావు గదా, ఈ దారం ఎక్కించు,"
సూది నా చేతిలో పెట్టాడు అదెరితు.
నలభై ఏళ్ళు కొండదారుల్లో బస్సు నడిపినవాడు.
ఇప్పుడు గడికో ఇంటూ వేసుకుంటూ
ఆ పాత బస్సునే కుడుతున్నాడు,
ఆకుపచ్చది, నంబరు ప్లేటుతో సహా.
కిటికీలన్నీ ఖాళీ.
"జనం ఏరీ?"
"ఇంకా ఎక్కలేదు. నీలం దారం అయిపోయింది."

ఊరందరి చూపూ సరిచేసిన నేను
మూడుసార్లు కొస తడిపి
మూడుసార్లూ గాలినే గుచ్చాను.
పక్కనుంచి ఓ చిన్న చెయ్యి వచ్చి
సూదీ దారమూ లాక్కుని
ఒక్క మాటైనా అనకుండా ఎక్కించి ఇచ్చేసింది.
ఇరియా. తొమ్మిదేళ్ళు.
వాళ్ళమ్మ కింద డ్యూటీలో ఉంటే
పిల్ల ఇక్కడ.

ఆ పిల్లే కనిపెట్టింది.
దెయొలిండా జేబురుమాలు మీద,
ఎర్ర పువ్వుకీ రెండు పిట్టలకీ మధ్య,
'హృదయం' అన్న మాటలో
ఒక అక్షరం తప్పు.
"మా టీచరైతే దీనికి ఇంటూ పెడుతుంది."
"పెట్టవే తల్లీ," అంది ముసలామె, తల ఎత్తకుండానే,
"ఆ మాటంతా ఇంటూలే గదా.
ఇంకొకటి ఎక్కడ పడుతుందో చూసి పెట్టు."

గదంతా నవ్వు.
అదెరితు వేలు గుచ్చుకున్నాడు.

అప్పుడు చెప్పింది, దారం పళ్ళతో తెంపుతూ:
బడి మొహం చూడని వాళ్ళమ్మ
చెవికి వినబడినట్టు కుట్టిందట ఆ మాటని,
నచ్చిన కుర్రాడికి ఇవ్వడానికి.
"ఆ తప్పక్షరం చూసే మా నాన్న ఒప్పుకున్నాడు.
ఇప్పుడు దిద్దితే
నేను పుట్టనట్టేగా?"

ఇరియా చాలాసేపు ఆలోచించింది.
నేనూ ఆలోచించాను.
మెల్లకన్నుకీ వంకర చూపుకీ
ఇన్నేళ్ళూ చీటీ మీద కోణం రాసేటప్పుడు
అంకెకి ముందు నేను వేసే గుర్తూ అదే.
ఇంటూ.
ఎన్నడూ దాన్ని కుట్టుగా చూడలేదు.

ఇప్పుడు బుధవారాలు అరగంట ముందే షట్టర్ దించుతున్నాను.
నా కళ్ళకి నేనే అద్దాలు కొలుచుకున్నాను, రెండున్నర.
అదెరితు బస్సులో ఐదుగురు ఎక్కారు,
ఒకామె ఒళ్ళో కోడి కూడా.
నేను కుడుతున్నది
మా దుకాణం గోడమీది అక్షరాల పటం.
చివరి వరుస అక్షరాలు
ఒక్కొక్కటీ ఒక కుట్టంత కూడా లేవు.
ఏం చెయ్యాలో తెలియక కూర్చుంటే
"చుక్కలు పెట్టెయ్, ఎలాగూ ఎవరూ చదవలేరు,"
సలహా ఇచ్చింది ఇరియా.
పెట్టేశాను.

పై వరుసలో ఒకే ఒక్క పెద్ద అక్షరం.
అది వెనక్కి తిరిగిపోయింది.
మూడు వారాలకి గానీ నాకే కనబడలేదు.
ఆ పిల్ల మొదటి రోజే చూసిందట.
"మరి చెప్పలేదేం?"
"నీకు ఎప్పటికి కనబడుతుందో
చూద్దామని."

విప్పలేదు. అలాగే కట్టించి వేలాడదీశాను.
పరీక్షకి వచ్చి కుర్చీలో కూర్చున్నవాళ్ళు
నేను అడక్కముందే నవ్వితే
దూరపు చూపు బాగున్నట్టు రాసుకుంటాను.