తవుడు ఖరీదు

కొంగ మెడ దగ్గర కొమ్ము పుటుక్కుమంది.
"నా చెయ్యే అంత" అన్నాను.
ఎప్పుడూ అనే మాటే. నాలిక మీద
అరిగి అరిగి నున్నబడ్డ మాట.

మహారాణా తాత కళ్ళజోడు నుదుటి మీదికి తోసి
విరిగిన ముక్కని వెలుతురులో తిప్పి చూశాడు.
ఆయన తెలుగులో ఒడియా కలుస్తుంది,
కోపం మాత్రం కలవదు.
"ఏ కొమ్ము? ఏ పూట? ఎంత సెగ?"
ముసలి గేదెది. పొద్దుట.
ముసురుకి బొగ్గు సరిగ్గా రాజుకోలేదు,
అది మెత్తబడకముందే తొందరపడి వంచాను.
"మరైతే తొందర అను. చెయ్యి అనకు.
చెయ్యి రేపు కావాలి."

పర్లాకిమిడిలో ఈ వానాకాలమంతా
ఆ మూడు ప్రశ్నలూ కొంగున ముడేసుకు తిరుగుతున్నాను.
పిల్లడు లెక్కల్లో తప్పాడు.
"మనింట్లో ఎవడికి అబ్బింది కనక చదువు"
పెదాల దాకా వచ్చి ఆగింది.
ఏ లెక్కలు? భిన్నాలు.
అవి చెప్పిన వారమంతా వాడు చలిజ్వరంతో మంచం మీద.
సరే. భిన్నాలు.
సూరత్ నించి డబ్బు రాలేదు.
మా ఆయన మమ్మల్ని మరిచే పోయాడు.
కాదు, ఈ నెల రాలేదు.
'ఈ నెల' అనడం
చింతపిక్క బుగ్గన పెట్టుకు మాట్లాడినట్టుంది.

కొన్ని రాత్రులు కుదరదు.
మహేంద్రతనయ పొంగి పాతపట్నం బస్సు ఆగిపోయిన రోజు
డజను దువ్వెనల మూట తడిసి, నాతోనే వెనక్కొచ్చింది.
ఏది, ఎప్పుడు, ఎంత, అన్నీ ఏట్లో కలిశాయి.
"నా బతుకే ఇంత" అని గోడకి చెప్పి
అటు తిరిగి పడుకున్నాను.
తెల్లారి ఆరబెట్టాను.
రెండు వంకరపోయాయి.
లెక్కపెట్టాను గనక, రెండే.

నా పేరు తవిటమ్మ.
నాకు ముందు ముగ్గురు పుట్టి పోయారు.
"ఆ కడుపు అచ్చిరాదు" అంది ఊరు.
మా నాయనమ్మ ఒప్పుకోలేదు.
చావుకి మా పిల్లలు మరీ ముద్దొస్తున్నారు, అదీ సంగతి, అంది.
పురిట్లోనే నన్ను ఎదురింటామెకి ఇచ్చేసి
చేటెడు తవుడు కొలిచి మళ్ళీ కొనుక్కుంది.
ఆ బేరంలో నిజమెంతో నాకు తెలీదు.
ముగ్గుర్ని మట్టిలో దించిన చేతులే
నాలుగోసారి చేట అందుకున్నాయి,
అది తెలుసు.

ఇవాళ ఎండ కాసింది. బొగ్గు ఎర్రగా ఉంది.
కొత్త కొంగకి మెడ వంచుతున్నాను.
సగం దాకా వంగింది.