గీత దాటక ముందే

దెగ్లూరు అవతల, ఎండిన లెండి వాగు ఇసుకలో
మాఘం చివరి సోమవారం గుర్రాల పందెం.
మొదలుకొక సున్నం గీత, కొసకొక సున్నం గీత.
మధ్యలో పరుగు అందరూ చూస్తారు.
నా పని మొదటి గీతకు ఇవతల.

పశువుల దవాఖానలో ముప్పయ్యేళ్లు
సూదులు ఉడకబెట్టిన కంపౌండర్ని.
పందెం బుక్కు నా చేతిరాతే,
ఎడమ పేజీ మరాఠీ, కుడి పేజీ తెలుగు.
అటు వాళ్లకు కలం అంటే నియమం,
ఇటు మనకు రాసే పుల్ల.
ఏడో కలం దగ్గర రెండు పేజీలూ కొట్టివేతలే:

'సవారిని పడేసి, జెండా కంటె ముందు
ఉరికిన గుర్రం చింతచెట్టు దాటితే
పందెంలో లేనట్టే.
దాటకుంటే డాక్టరు చూసి చెప్పాలె.
డాక్టరు లేకుంటే కంపౌండరు.'

ఎనిమిదో కలం, పైసలు వాపస్ ఇచ్చేది,
ఒక్క దెబ్బకు రాసేశాం.
డబ్బు సంగతిలో మాకెవరికీ అనుమానాల్లేవు.

ఈసారి హలిగి మోత మధ్య ఎవరి బుగ్గో పేలింది.
పోశెట్టి బొల్లమ్‌వార్ ఆడగుర్రం మిరుగ
(మిరుగం తొలి జల్లు నాడు పుట్టింది)
నిలువునా లేచింది.
పిల్లగాడు నాగ్‌నాథ్ ఇసుకలో బోర్లా.
అది ఉరికి ఉరికి
సరిగ్గా చింతచెట్టు నీడలో ఆగింది.

"నీడ చెట్టెట్లయితది?" అన్నాడు పోశెట్టి.
"చెట్టుది కాకుంటే నీడ ఎవలది, నీ అయ్యదా?"
బిలోలి నుంచి వచ్చిన వాళ్లు.
నవ్వులు, తిట్లు, రెండు భాషల్లో.
వాళ్లు తేల్చేలోగా
నీడే రెండడుగులు జరిగింది.
మిరుగ ఎండలో మిగిలింది.

డాక్టరమ్మ నాందేడ్‌లో మీటింగు.
అందరూ నా వైపు తిరిగారు.

దవడ కింద వేళ్లు పెట్టి గడియారం చూశాను.
ఎనభై. కాసేపాగి, అరవై.
కాళ్లు చల్లగానే ఉన్నాయి, గిట్టలు నిండుగా,
ముక్కులో నెత్తురు లేదు.
పేరు పెట్టి చెప్పే నొప్పి ఏదీ దొరకలేదు.
మోచేతి మీద చర్మం మాత్రం
ఈగ వాలకుండానే వణుకుతోంది.

నాలుగేళ్ల కిందట సర్జాకూ ఇట్లాగే.
ఈగ అన్నాను అప్పుడు.
సగం దారిలో ముందుకాళ్లు మడిచి కూలింది.
ఆ రాత్రే ఏడో కలం మొదలైంది.

"తీసేస్తున్నా."
"ఏమైందని రాస్తవ్ సారూ?"
ఆ గడిలో ఏం రాయాలో తెలీక
గీత గీశాను.
పోశెట్టి జీను దించుకున్నాడు, నన్ను చూడకుండా.
నాగ్‌నాథ్ మోచేతి ఇసుక తుడుచుకుంటూ
"ఏడాది మొత్తం నానవెట్టిన శెనగలు తినవెట్టిన" అన్నాడు,
నాతో కాదు, దాని చెవితో.

ఐదు గుర్రాలు గీత మీదికొచ్చాయి.
మిరుగను బండి చక్రానికి కట్టారు.
ఎక్కడా చప్పుడు లేదు, హలిగి కూడా ఆపించాను.
జెండా పడింది.

జనం మొహాలన్నీ కొస వైపు తిరిగాయి.
నేనొక్కణ్ణే చూశాను:
పగ్గం బిగిసేదాకా
మిరుగ ఒక్క దూకు దూకింది,
జెండాతో పాటే,
రెప్పపాటు కూడా ముందు కాకుండా.