ఐదో నంబరు మిషను

రాత్రి ఏడున్నరకి లైబ్రరీ మూసే ముందు
ఆరు కంప్యూటర్ల దగ్గరా తలా ఓ నిమిషం కూర్చుంటాను.
నేల ఊడవడం ఆదెమ్మ పని,
కుకీలు ఊడవడం నా పని.

కుకీ అంటే మొదట్లో నాకూ
బ్రాడీపేట బేకరీలో గాజుసీసానే గుర్తొచ్చింది.
లైబ్రేరియన్ మేడం నవ్వలేదు.
"యార్డులో మిరప టిక్కీకి లాటు చీటీ కుడతారు చూడు బాజీ,
అది" అంది.
నువ్వు జర్నల్ గుమ్మంలో కాలు పెడతావు,
వాడు నీ చొక్కా వెనక ఓ చీటీ గుచ్చుతాడు.
మళ్లీ వెళ్తే మొహం చూడడు,
వీపు చూస్తాడు.

ఏ జర్నల్ తెరిచినా అడుగున అదే పలక:
మీ గోప్యత మాకెంతో ముఖ్యం.
మా వీధి వడ్డీ వ్యాపారి కూడా
ముందు టీ తెప్పించి ఇలాగే మొదలెడతాడు.
"అన్నీ అంగీకరించు" ఆకుపచ్చగా, అరచేతంత.
"వద్దు" మాత్రం బూడిదరంగులో, బియ్యంలో రాయంత.
ఎంపికలు నొక్కితే లోపల ఇంకో గది,
అందులో భాగస్వాములట, నూట ముప్ఫై ఎనిమిది మంది.
మా అక్క నిఖాకి కూడా అంతమంది రాలేదు.

తప్పనిసరి అన్నవాటికి మీట కదలదు.
అవి లేకపోతే నువ్వు మా కాలేజీ మనిషివని వాడికి తెలీదు,
పేజీ తిప్పినప్పుడల్లా
ఎవరు బాబూ నువ్వు అంటాడు.
సరే, న్యాయమే.
మా గేటు దగ్గర సాంబయ్యా కార్డు అడుగుతాడు.
కానీ నేను ఏ బీరువా ముందు ఎంతసేపు నిలబడ్డానో
సాంబయ్య పురుగుమందుల కంపెనీకి చెప్పిరాడు.

ఎస్తేరు రాణి సంగతి అలాగే అయింది.
ఐదో నంబరు మిషను ఆమెది,
అంటే ఆమెదని మేమందరం అనుకునేవాళ్లం.
మిరప పూతలో దూరి
లోపల్నించే గీకేసే నల్ల తామరపురుగు మీద పరిశోధన.
చదివీ చదివీ
చివరికి వంకాయకూర వీడియో తెరిచినా
పక్కన డబ్బా ఊపుతూ మందు.
"పురుగే నన్ను వెతుక్కుంటూ వస్తోంది బాజీ" అంది.
మూలనున్న గుర్తు నొక్కించాను,
సెట్టింగులు, లోపల గోప్యత,
బయటివాళ్ల చీటీలు ఆపెయ్,
పాతవి తుడిచెయ్.
డాక్టరేటు చేసే మనిషికి
పదో క్లాసువాణ్ణి నేర్పిన ఆ పది నిమిషాలు,
ఏ మీట నొక్కీ తుడవలేదు నేను.

మార్చిలో ఫెలోషిప్ ఆగింది.
ఏప్రిల్ నుంచి రాలేదు.
ఏటుకూరు రోడ్డులో ఏదో కోల్డ్ స్టోరేజీలో
టిక్కీల లెక్క రాస్తోందని సాంబయ్యే చెప్పాడు.

ఐదో నంబరు ఆమె ఆఖరిరోజే కాలిపోయింది,
కరెంటు ఎగిరి, నేను ఊడవకముందే.
నాలుగు నెలలు రిపేరు షాపులో పడుంది.
నిన్న తెచ్చి పెట్టారు.
ఆన్ చేసి జర్నల్ తెరిచాను, ఊరికే, పని చేస్తుందా అని.

తిరిగి స్వాగతం, ఎస్తేరు రాణి.
మీరు ఆపిన చోటు: పదకొండో పేజీ.

ఏసీ చప్పుడు.
ఆదెమ్మ బకెట్టు చప్పుడు.
తుడవాలి, రూలు.
మీట నొక్కితే పలక లేచి అడిగింది:
ఖాయంగా తుడిచేయమంటారా?
ఇంత మర్యాదగా ఆ అమ్మాయిని ఎవరైనా అడిగారా,
వెళ్లిపోతావా అని?

పాత కేటలాగు కార్డు ఒకటి తీసి
వెనకవైపు పేపరు పేరు రాశాను,
ఇంగ్లీషు కదా, అక్షరం అక్షరం చూసి,
కింద పదకొండు అని.
అప్పుడు నొక్కాను.
తెర తెల్లబడి
మళ్లీ మొదటి పలక వేసింది:
మీ గోప్యత మాకెంతో ముఖ్యం.

ఈ పొద్దున ఏటుకూరు రోడ్డులో
మూడో కోల్డ్ స్టోరేజీ ఇది.
ఘాటుకి మూడుసార్లు తుమ్మాను.
గేటు దగ్గర పెద్దాయన
పై నుంచి కింద దాకా చూసి
ఎవరు బాబూ నువ్వు, అన్నాడు.

జేబులో కార్డు తడుముకుంటూ
ఎక్కణ్ణించి మొదలెట్టాలా అని నిలబడ్డాను.