కవర్గం

సంబంధిత డిగ్రీ ఉందా అని అడిగింది ఫారం.
ఉంది, లేదు. రెండే గడులు.
మూడోది ఉంటే రాసేదాన్ని:
రాళ్ళు చదివాను సార్.
భూగర్భశాస్త్రం, సెకండ్ క్లాసు.
ఆపైన నాలుగేళ్ళు యలహంక అవతల
బోర్లు వేసే కంపెనీలో
నీళ్ళు ఎక్కడ పడతాయో చెప్పే ఉద్యోగం.
తొమ్మిదివందల అడుగులు దిగినా
తెల్లపొడి తప్ప ఏమీ రాని రోజున
స్థలం ఆసామి నా వంక చూసే చూపు
ఏ మార్కుల జాబితాలోనూ లేదు.

మూడు కాలేజీలు మర్యాదగా వద్దన్నాయి.
రెండు, ముందు ఏడు సబ్జెక్టులు కట్టి రమ్మన్నాయి.
ఒకటి మాత్రం
నా భౌతికశాస్త్రం చెల్లుతుందంది.
పెద్దనోటు ఇచ్చి పోగొట్టుకున్నాక
చిల్లర రూపాయి తిరిగొచ్చినట్టు.

"నీ గురించి ఏం రాయమంటావమ్మా"
ఫోన్లో మా ప్రొఫెసర్ గారు.
"ఎండకు ఓర్చుకుంటుందని రాయనా?"
రాయండి సార్, అదీ పనికొస్తుందేమో.

శనివారాలు లింగరాజపురం.
మెట్ల కింద గది, గోడకి అద్దం, పిల్లల కుర్చీలు.
ఇరవై అయిదు గంటలు ఊరికే కూర్చుని చూడాలి,
చూసినట్టు సంతకం పెట్టించుకోవాలి.
ఫ్లావియా మేడంకి కొంకణి, తుళు, కన్నడం వచ్చు.
తెలుగు రాదు.
పదకొండో గంటలో ఓబులేసు వచ్చాడు,
హెణ్ణూరులో ఇంకా కడుతున్న అపార్టుమెంటు నుంచి,
కాళ్ళకి సిమెంటుతో, అమ్మ కొంగు పట్టుకుని.
చూసేదాన్నల్లా
మాట అందించేదాన్నయ్యాను.

కాకి బొమ్మ చూపిస్తే తాతి అన్నాడు.
కోట తోట అయింది.
మేకని మేత అన్నాడు.
ముగ్గురం నవ్వాం, ముందు వాళ్ళమ్మే.
"ఇంట్లో మాకందరికీ తెలుస్తాది మేడం.
బడికాడ పిల్లోళ్ళు..." అని ఆగింది.
ఆ ఆగిన చోటు నాకు తెలుసు.
డ్రిల్లుకి రాయి తగిలి
మోత మారే చోటు.

ఆ రాత్రి ఈజీపుర గదిలో
ఒకటో తరగతిలో అరిచి వదిలేసిన వరసని
అద్దం ముందు మెల్లగా పలికి చూశాను.
క ఖ గ గొంతు దగ్గర,
చ ఛ జ అంగిట్లో,
ట ఠ నాలుక మడిచి,
త థ పళ్ళ వెనక,
ప ఫ పెదాల మీద.
లోపల్నించి బయటికి, పొర తర్వాత పొర.
ఎవరో ఎప్పుడో
నోట్లోకి బోరు దింపి గీసిన పటం.
అన్నిటికన్నా కింద క.
వాడి నాలుక ఇంకా
పైమట్టిలోనే తిరుగుతోంది.

మరుసటి శనివారం
మేడం స్టీలు గ్లాసుతో నీళ్ళిచ్చింది.
తల పైకెత్తి పుక్కిలించమను, అంది.
మొదటిసారి మింగేశాడు.
రెండోసారి నా చున్నీ మీద.
మూడోసారి
ఎక్కడో అడుగున గరగర.
పైపులో ముందు గాలి, తర్వాత బురద,
జనం వెనక్కి గెంతే ముందు
వినబడే చప్పుడు.

ఇప్పుడు నీళ్ళు లేకుండా.
"కాతి."
ముందు సగం కాకి.
వెనక సగం ఇంకా తాతే.
ఎవరికీ ఏ భాషలోకీ
మార్చి చెప్పాల్సిన పని పడలేదు.
వాడు మా మొహాలు చూసి
గ్లాసులో మిగిలింది తాగేశాడు.

సార్ రాసింది నిన్న చదివి వినిపించారు.
"తవ్వి తీసిన నమూనాలు పెట్టెలో సర్దేటప్పుడు
విరిగిన ముక్కని ఎన్నడూ పారేయలేదు.
ఏది ఎంత లోతుదో పక్కన రాసుకునేది."
అంతే. కింద పొడుగాటి సంతకం ఉందట.

వ్యాసంలో మొదటి వాక్యం కొట్టేశాను,
చిన్నప్పటినుంచీ నా కల అనేదాన్ని.
చిన్నప్పుడు ఇలాంటి పని ఒకటుందనే తెలియదు.
ఓబులేసు నోట్లో అయితే
కల కూడా తలే.

వెనక్కి, గడుల దగ్గరికి వెళ్ళి
లేదు నొక్కాను.
కింద చిన్న ఖాళీ తెరుచుకుంది:
వివరించండి, రెండువందల అక్షరాలు మించకుండా.

కాతి, అని మొదలుపెట్టాను.