చేటలంత చెప్పులు

కళ్ళు తిరగడం మొదలైంది ఫిబ్రవరిలో,
టార్టూ అంబులెన్స్ కంట్రోల్ రూములో,
తెల్లవారుజామున మూడూ నలభైకి.
ఫోన్లో ఎవరో ఒకావిడ
"మా ఆయన లేవడం లేదు" అంటోంది.
చిరునామా చెప్పండి, అన్నాను.
అంతే, బల్ల ఎడమకి ఒరిగింది,
గోడ దాని వెనకే పోయింది.
చిరునామా మాత్రం తప్పు లేకుండా రాసుకున్నాను.
బండి వెళ్ళింది. ఆయన లేచాడో లేదో
మాకు చెప్పరు. ఎప్పుడూ చెప్పరు.

చెవి లోపల ఇసుక లాంటిదేదో ఉంటుందట,
అది చోటు తప్పిందన్నాడు డాక్టరు.
మాత్రలిచ్చాడు, సెలవు రాశాడు.
సెలవులో ఇల్లు ఓడైంది:
పొయ్యి దాకా గోడ పట్టుకుని,
కిటికీ దాకా కుర్చీ పట్టుకుని.

ఏప్రిల్ చివర్లో కింది వాటా ఎండెల్ తలుపు కొట్టాడు.
ఎనభై మూడేళ్ళు, చేతిలో రేకు డబ్బా.
"ఊబికి పోతున్నా. విర్వె, నువ్వూ రా."
గచ్చు మీదే నిలవలేనిదాన్ని, ఊబికా?
"అందుకే" అన్నాడు.
మా వైపు మాటల్ని అప్పిచ్చినట్టు ఇస్తారు,
లెక్కపెట్టి.

బస్సు దిగాక గంట నడక, ఆయన మోచెయ్యి పట్టుకుని.
పైన్ అడవి పలచబడీ పలచబడీ
చెట్లు నా భుజం దగ్గర ఆగిపోయాయి.
"పిల్ల చెట్లా?"
"నాకంటే పెద్దవి.
ఇక్కడ తినడానికేం దొరకదు. వాటికి తొందర లేదు."

సంచిలోంచి చెప్పులు తీశాడు, చేటలంత వెడల్పువి.
కట్టుకుని అడుగేశాను.
నేల ఊగింది.
నా తల కాదు, నేలే.
పది గజాల అవతల ఒక చెట్టు
నా అడుగుకి తలాడించింది.
ఎండెల్ అడుగేస్తే నేను లేచి దిగాను.
మూడు నెలల్లో మొదటిసారి
నాతోపాటు ఇంకొకళ్ళు తూలుతున్నారు.

నవ్వొచ్చింది.
ఆ నవ్వు ఏడుపులోకి తిరిగే మలుపు దగ్గర
ఆయన మర్యాదగా అటు తిరిగి
పళ్ళు ఏరడం మొదలెట్టాడు.

కిందటేటి క్రాన్‌బెర్రీలు.
ఎవరూ కొయ్యక మిగిలినవి,
చలికాలమంతా మంచు కింద పడుకున్నవి.
తోలు మెత్తబడి, వేలు తగిలితే చిట్లుతున్నాయి.
"పులుపంతా మంచు తినేసింది" అన్నాడు.
అంతా తినలేదు. కొంచెం మిగిల్చింది,
దవడలు లాగేంత.

వంగితే లోకం గిర్రున తిరిగే రోజులవి.
అందుకని నాచులో మోకాళ్ళ మీద కూచున్నాను.
లంగా తడిసింది, మేజోళ్ళు తడిశాయి,
అడుగున ఇంకా కరగని మంచు
చల్లగా ఎముకల్లోకి ఎక్కుతోంది.
ఒక పండు. ఇంకొకటి.
చూపు వేలి కొసన ఆగింది.

ఈ నేల ఏడాదికి ఒక మిల్లీమీటరు పెరుగుతుందట.
నా కింద ఆరు మీటర్లు.
లెక్కలు నా ఉద్యోగం:
నాలుగు నిమిషాల్లో బండి, ఏడు నిమిషాల్లో బండి.
ఆరువేల ఏళ్ళ మీద మోకాళ్ళూని ఉన్నాను,
ఎవరూ ఫోన్ చెయ్యడం లేదు.

అప్పుడే దూరాన క్రౌంచాల జంట కూసింది.
నా చెయ్యి దానంతటదే చెవి దగ్గరికి,
అక్కడ లేని హెడ్‌సెట్ దగ్గరికి వెళ్ళింది.
"చెప్పండి" అనబోయాను.
వాటికి నాతో పనిలేదు.
ఎంత హాయిగా ఉందో, పనిలేకపోవడం!

డబ్బా అడుగు కప్పడేసరికి సాయంత్రమైంది.
తిరిగొచ్చేటప్పుడు ఆయన మోచెయ్యి
ఎప్పుడు వదిలేశానో నాకు తెలీదు.
ఆయనకి తెలుసనుకుంటా. చెప్పలేదు.

తగ్గిందా అని అడుగుతున్నారు.
పూర్తిగా తగ్గలేదు.
డ్యూటీలో చేరాను. ఆదివారాలు ఊబికి వెళ్తున్నాను,
పళ్ళు అయిపోయినా.
మొన్న రాత్రి బల్ల మళ్ళీ ఒరిగింది.
ఈసారి దాన్ని పట్టుకోలేదు.
చేటలంత చెప్పులు కట్టుకున్నట్టు
పాదాలు ఎడంగా పెట్టి కూచున్నాను.
ఫోన్లో చిన్నపిల్లాడు,
అమ్మ వంటింట్లో పడిపోయిందంటున్నాడు.
గోడ కదులుతోంది. కదలనీ.
"వింటున్నా నాన్నా, ఇక్కడే ఉన్నా.
మీ వీధి పేరు చెప్పు."