సింగరాయకొండ దగ్గర

సింగరాయకొండ దగ్గర
హైవే నడుమ డివైడరు మాయమవుతుంది.
ఆపదలో దిగే విమానానికి
పరిచిపెట్టిన సిమెంటు చాప.

కెప్టెన్ మాల్యాద్రి తెల్లారకముందే వస్తాడు.
ముప్పయ్యేళ్లు మబ్బుల మీద తిరిగినవాడు
అంచు పట్టుకుని వంగి వంగి
టైరు పీలిక, మేకు, ఊడిన నట్టు
ఏరి జేబులో వేసుకుంటాడు.

"ఈడ ఎవురు దిగుతారు సార్?"
టీ బంకు ఖాజావలి గ్లాసు కడుగుతా అడిగాడు.
"దిగకపోతే మేలే."

కూలిన ఒకదాని మీద
నాలుగొందల పేజీలు రాశాడాయన.
చివరాఖరికి తేలింది
వేలెడంత ఇనపముక్క.
క్షేమంగా దిగినవాటికి
ఫైలు నంబరే ఉండదు.

ఇంటికాడ సుబ్బరత్నం
చొక్కా నానబెట్టే ముందు జేబు తడిమి
"ఇయ్యాల ఎంతమందిని కాపాడొచ్చావు?" అంటుంది.
రెండు మేకులు. ఒక నట్టు.

చిల్లు పడ్డ జేబుకి
మళ్లీ సూదీ దారం తీస్తుంది.