ముప్పై ఏడు

పెట్టె చేసేవాళ్లు ఇచ్చిన ఎత్తు ముప్పై ఏడు మిల్లీమీటర్లు.
గూ యీ-రోంగ్ రెండు వేళ్లు పక్కపక్కన ఆనించి చూసింది.
అంతే జాగా.
ఫ్యానూ అందులోనే, రేకులూ అందులోనే, రాగి గొట్టాలూ అందులోనే.
అడుగున, గోరంత చిప్పు మీద
అరవై అయిదు వాట్ల పొయ్యి.

సాన్‌చోంగ్‌లో అచ్చుల కార్ఖానా, దాని పైన వాళ్ల గది.
మే నెల. పైకప్పు రేకుల మీద వాన దంచుతోంది.
ఆమె చేతిలోనూ రేకులే,
కాగితం కంటే కాస్త మందమైన అల్యూమినియం.
పైకప్పుకీ పువ్వుకీ మనం ఒకే మాట వాడతాం,
ఆమె భాషలో ఆ సౌలభ్యం లేదు.
ఉంటే తొందరగా తెలిసేదేమో.

మొదటి నమూనాలో యాభై ఎనిమిది రేకులు కుక్కింది.
ఎన్ని ఎక్కువైతే అంత చల్లన అనుకుంది.
తొంభై నాలుగు డిగ్రీల దగ్గర
చిప్పు తనంతట తాను నడక తగ్గించుకుంది,
ఎండలో బరువు దించుకున్న కూలీలా.

అగరుబత్తి వెలిగించి ఫ్యాను పక్కన పట్టింది.
పొగ లోపలికి వెళ్లింది,
రేకుల గుమ్మం దాకా వెళ్లి,
లోపల తగాదా వినిపించిన చుట్టంలా
చెప్పులు విప్పకుండానే తిరిగొచ్చేసింది.

మరునాడు పది రేకులు పీకేసింది.
ఆరు డిగ్రీలు దిగింది.
ఇంకో నాలుగు. ఇంకో రెండు దిగింది.
ఇంకో నాలుగు పీకితే మళ్లీ ఎక్కింది.
ఆ నాలుగూ తిరిగి పెట్టింది,
ఎవరూ చూడకుండా.

గొట్టాలు వంచేది ల్యావ్ చిన్-త్యెన్ గారు.
ఒకప్పుడు స్కూటర్ సైలెన్సర్లు వంచిన చేతులు.
ఎత్తు కలిసొస్తుందని ఆమె గొట్టాన్ని
రెండున్నరకి నొక్కి తెచ్చింది.
ఆయన వెలుతురుకేసి తిప్పి చూశాడు.
"లోపల చెంచాడు నీళ్లు కూడా ఉండవు.
వేడి తగిలితే ఆవిరై పరిగెడతాయి, ఆ చివర చల్లారతాయి,
గోడకంటిన రాగిపొడిని పట్టుకుని పాకుతూ వెనక్కి వస్తాయి.
పోవడానికి దారి ఎవడైనా ఇస్తాడు.
వచ్చే దారి నలగ్గొట్టావు నువ్వు."
గొట్టం బల్ల మీద పెట్టి
టీ తాగడానికి పోయాడు.

పగలు కింద ప్రెస్సులు, సాయంత్రం వాన, తర్వాత కప్పలు.
చప్పుడు కొలవాలంటే రాత్రి రెండు దాటాలి.
బొంతలు పరిచిన అలమారాలో పెట్టెను దూర్చి
మూత బిగించి, చెవి ఆనించింది.
సన్నగా ఈల.
మూత తీస్తే లేదు. పెడితే ఉంది.
తీసింది, పెట్టింది, తీసింది.
ఫ్యాను నెత్తి మీదే ఇనప మూత,
గాలి జల్లెడ కన్నాల్లోంచి
నోరు సున్నాలా చుట్టి లోపలికి పోతోంది.

తెల్లారేసరికి గీత మార్చింది.
మొత్తం ముప్పై నాలుగు.
యజమానురాలు ష్యె గారు స్కేలు పెట్టి చూసి అడిగింది:
"వాళ్లు ముప్పై ఏడు ఇచ్చారు కదా, మిగతా మూడూ?"
"గాలికి."
"గాలికి డబ్బెవరిస్తారు?"
యీ-రోంగ్ ఏమీ అనలేదు.
బొంతల అలమారా తలుపు తెరిచి
ఆవిడ చెవిని అక్కడ పెట్టమంది.
ఆవిడ చాలాసేపు వంగే ఉంది.
నడుం పట్టేసిందేమో అనుకున్నారు అందరూ.

ఆగస్టులో మొదటి ఫిర్యాదు వచ్చింది.
కీలుంగ్ నుంచి ఎవరో, ఓడల లెక్కలు రాసేవాడట.
రాత్రి డ్యూటీ, బల్ల మీద చిన్న పెట్టె.
"మీ ఫ్యాను తిరగడం లేదు, కొత్తది పంపండి."
మూత తీసి చూడమని రాసింది.
పావుగంటకి జవాబు:
"తిరుగుతోంది."
క్షమాపణా లేదు, మెప్పూ లేదు.

ఆ కాగితం పట్టుకుని ల్యావ్ గారి దగ్గరికి వెళ్లింది.
ఆయన చదవలేదు, కళ్లద్దాలు ఇంట్లో మరిచాడు.
"తర్వాతది ఎంత?" అన్నాడు.
"ముప్పై."
ఆయన పాత గొట్టం తీసి మోకాలి మీద పెట్టుకుని
వంచకుండా, ఊరికే, బొటనవేలితో నిమురుతూ కూర్చున్నాడు.
కింద ప్రెస్సు మొదలైంది.